కొలతలకు కొలత

హైదరాబాదు నగరమున చిక్కడపల్లి, నారాయణగూడ, అశోకనగరు పేటలకు చేరువలో రాంనగరు కలదు. అచ్చటి చేపల అంగడి నగరమంతట పేరు పొందినది. ఆదివారమునాడు తెల్లవారునప్పటికే అచ్చట బేరములు ముమ్మరముగా సాగుచుండును. మృగశిర కార్తె ప్రవేశించిన దినమున ఇసుక చల్లిన రాలనంత జనము చేరుదురు. కొరమీను కొనవచ్చినవాడు ముందుగా చేప మొప్పల నెత్తి రంగు చూచును. కండను వ్రేలితో నొక్కి చూచును. పిమ్మట ధర తగ్గింపుమని గట్టిగా వాదించును. ఇంత చేసినవాడు, చేపను తక్కెడపై నుంచి "కిలో మున్నూరు గ్రాములు" అని అంగడివాడు చెప్పగానే మారు పలుకక సొమ్ము చెల్లించును. చేపను పరీక్షించినవాడు, ధరను ప్రశ్నించినవాడు, తక్కెడను మాత్రము నమ్మును. ఈ నమ్మకమునకు ఆధారమేమి?

ఆధారము తక్కెడపై నున్న చిన్న ముద్ర. తూనికలు, కొలతల శాఖవారు ఎలక్ట్రానిక్ తక్కెడలను ఏటేట పరీక్షించి, అవి సరిగా నున్నచో ముద్ర వేయుదురు. పరీక్షకై వారికడ ప్రత్యేకమైన తూనికరాళ్ళుండును. ఆ రాళ్ళు సరియైనవని చెప్పువారెవరు? వాటిని అంతకంటె మేలైన ద్వితీయ ప్రమాణములతో పోల్చి చూతురు. ద్వితీయ ప్రమాణములను ఇంకను శ్రేష్ఠమైన వాటితో పోల్చుదురు. ఇట్లు మెట్టు మెట్టుగా ఎక్కిపోగా తుదకు ఢిల్లీ నగరమందలి నేషనల్ ఫిజికల్ లాబొరేటరి వచ్చును. 1947 జనవరి 4వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ ఈ సంస్థకు శంకుస్థాపన చేసెను. 1950 జనవరి 21వ తేదీన సర్దార్ వల్లభభాయి పటేలు దానిని ప్రారంభించెను. ప్రసిద్ధ భౌతికశాస్త్రజ్ఞుడు కె. యస్. కృష్ణన్ దానికి తొలి సంచాలకుడు. భారతదేశపు కిలోగ్రాము దిమ్మె అచ్చట భద్రపరచబడి యున్నది. అది ప్లాటినము, ఇరిడియము లోహముల మిశ్రమముతో చేయబడినది. పారిస్ సమీపమందలి మూలపు దిమ్మెకు అది 57వ ప్రతి.

ఈ వరుసను బావిలోని చేదకు కట్టిన గొలుసుతో పోల్చవచ్చును. పై కొన గట్టుపై నిలిచి యున్నంతవరకు చేద పైకి వచ్చును. నడుమ ఒక్క కడియము తెగినను చేద నీటి పాలగును.

తూనికలకే కాక సమస్తమైన కొలతలకును ఇట్టి గొలుసు కావలెను. రాంనగరును ఆనుకొని ఆజామాబాదు పారిశ్రామికవాడ కలదు. లేతు యంత్రముపై ఇనుపకడ్డీని చెక్కు పనివాడు మైక్రోమీటరుతో దాని మందమును చూచుకొనును. ఆసుపత్రిలో వైద్యుడు రక్తపుపోటును కొలుచును. ఔషధముల కర్మాగారమున ద్రవముల వేడిమిని కొలుతురు. ప్రతి యింటను విద్యుత్తు మీటరు తిరుగుచుండును. ఈ పరికరములను మేలైన ప్రమాణముతో పోల్చి, వాటిలోని తప్పు ఎంతయో తేల్చి, దానిని కాగితముపై వ్రాసి యిచ్చు పనికి క్రమాంకనము అని పేరు. నగరమున ఇట్టి పని చేయు ప్రయోగశాలలు పెక్కు కలవు. బాలానగరున 1968లో నెలకొల్పబడిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ అను సంస్థలో కూడ క్రమాంకన ప్రయోగశాల కలదు.

ఇచ్చట ఒక చిక్కు వచ్చును. ఇతరుల పరికరములను సరిచూచు ప్రయోగశాల పరికరములు కూడ మనుష్యులు చేసిన వస్తువులే. అవియు ముసలివగును. వాటిని తయారుచేసిన సంస్థ వాటి తయారీని మానివేయును. లోపలి భాగమొకటి చెడిపోయినచో దాని జోడు ఎక్కడను దొరకదు. మరమ్మతు తెలిసిన పనివాడు ఉద్యోగము చాలించుకొని వెళ్ళిపోవును. ఒక్కొక్కప్పుడు పరికరమునందలి పదార్థమే ప్రమాదకరమని తేలి, దానిని వాడరాదని నిబంధన పుట్టును. ప్రయోగశాలలోని విధాన గ్రంథము మాత్రము మారక నిలిచియుండును. "ఫలానా సంస్థవారి ఫలానా సంఖ్యగల పరికరముతో పరీక్షింపవలెను" అని అందు వ్రాసియుండును. ఆ పరికరము లోకమున అమ్మకమునకు లేదు. అప్పుడేమి చేయవలెను?

తొందరపడినవానికి రెండు దారులు కనిపించును. మొదటిది, పాతదానినే మూలుగుచున్నను లాగించుట. రెండవది, అంగడిలో దొరకు సరిక్రొత్త పరికరమును కొని తెచ్చి పాతదాని స్థానమున కూర్చుండబెట్టుట. ఈ రెండును అపాయకరములే. ప్రయోగశాలలోని ప్రమాణము తప్పినచో, దానితో సరిచూడబడిన పరికరములన్నియు తప్పును; ఆ పరికరములతో చేసిన వస్తువులన్నియు తప్పును. తప్పు జరిగినట్లు ఎవ్వరికిని తెలియకపోవుట అన్నిటికంటె పెద్ద ప్రమాదము. ఏలయన, అందరికడను "సరిగా నున్నది" అను ధ్రువపత్రములుండును.

ఈ చిక్కు నేటిది కాదు. రెండువందల ఏండ్ల క్రిందట మన ప్రాంతముననే దీనిని ఎదుర్కొన్నవారు కలరు. విలియం లాంబ్టన్ అను ఆంగ్లేయుడు 1802లో మద్రాసు సమీపమున భారతదేశపు మహా త్రికోణమితి సర్వేను ఆరంభించెను. ఒక సమతలమున ఒక గీత పొడవును గొలుసుతో కొలిచి, ఆ గీతపై త్రికోణములను అల్లుకొనుచు దేశమంతటిని కొలుచుట ఆ సర్వే పద్ధతి. ఆ మొదటి గీతలో కొద్దిపాటి తప్పున్నను, త్రికోణముల వెంట అది వందల మైళ్ళు ప్రయాణము చేయును. అందుచేత లాంబ్టన్ నూరడుగుల ఉక్కు గొలుసును ప్రాణము వలె కాపాడెను. ఎండకు ఉక్కు సాగునని యెరిగి, కొలుచునప్పుడెల్ల వేడిమిని గుర్తించెను. మరియొక గొలుసును కొలుచు పనికి వాడక, మొదటిదానిని సరిచూచుటకే ప్రత్యేకించెను.

కోణములను కొలుచుటకు ఆయనకడ సుమారు అరటన్ను బరువుగల పెద్ద థియోడొలైటు ఉండెను. 1808లో తంజావూరు దేవాలయ గోపురముపైకి దానిని ఎత్తుచుండగా త్రాడు తెగి, అది గోడకు కొట్టుకొని, దాని అంకెల వలయము వంగిపోయెను. క్రొత్తది ఇంగ్లండు నుండి ఓడలో రావలసినదే. లాంబ్టన్ నిరాశ చెందక, గుడారమున కూర్చుండి, సుమారు ఆరు వారములు శ్రమించి, ఆ వలయమును మెల్లమెల్లగా యథారూపమునకు లాగి తెచ్చెను. 1815లో ఆయన నాటి నిజాము రాజ్యమందలి బీదరు సమీపమున ఒక గీతను గొలుసుతో కొలిచెను. 1823లో హైదరాబాదు నుండి నాగపురమునకు పోవుచు, దారిలో హింగన్‌ఘాట్ అను చోట మరణించెను.

లాంబ్టన్ తరువాత సర్వేకు అధిపతియైన జార్జి ఎవరెస్టు గొలుసు పద్ధతిని మాన్పించెను. ఇత్తడి, ఇనుము కడ్డీలను జతపరచి, వేడిమికి రెండును వేరువేరుగా సాగినను వాటి మీది గుర్తుల నడిమి దూరము మారకుండునట్లు చేసిన క్రొత్త కడ్డీలను ఆయన 1830లో భారతదేశమునకు తెచ్చెను. గొలుసు పాతబడినది, కడ్డీ దాని స్థానమునకు వచ్చినది. కాని కడ్డీ మేలైనదని నమ్మి ఊరకుండలేదు. 1841లో బీదరు ప్రాంతమున గీతను క్రొత్త కడ్డీలతో మరల కొలిపించిరి. పాతది పని చేసిన చోటనే క్రొత్తదానిచేత పని చేయించి పోల్చిచూచుట! నేటి క్రమాంకన ప్రయోగశాలలు పాటించు ముఖ్యనియమము ఇదియే.

ఈ నియమమును వివరముగా తెలిసికొందము. పాత పరికరమునకు ప్రత్యామ్నాయమును వెదకువారు మొదట దాని పేరును మరచి, అది చేయు పనిని గుర్తింపవలెను. విధాన గ్రంథమున పేరు వ్రాసియున్న పరికరము మిక్కిలి గొప్పది కావచ్చును. కాని పనికి అంత గొప్పతనము కావలెనా? ఒక ఉదాహరణము చూడుడు. నూరు వోల్టులను కొలుచునపుడు 0.4 వోల్టు వరకు తప్పు ఉండవచ్చునను మీటరును సరిచూడవలసి యున్నది. సరిచూచు ప్రమాణము, సరిచూడబడు పరికరముకంటె కనీసము నాలుగింతలు మేలైనదై యుండవలెనని ప్రయోగశాలలలో ఒక వాడుక కలదు. అనగా 0.1 వోల్టుకు మించి తప్పు రాని ప్రమాణము చాలును. పాత పరికరము 0.02 వోల్టు వరకు సరిగా చూపెడిదైనను, దానికి సాటివచ్చు పరికరముకై దేశదేశములు తిరుగనక్కరలేదు. పనికి కావలసిన అంకెను తెలిసికొన్నవానికి దారి సులభమగును.

రెండవ మెట్టు మరింత జాగ్రత్త కోరును. కాగితముపై కనిపించు అంకె ఒక్కటే చాలదు. పాత పరికరము నిశ్శబ్దముగా చేయుచుండిన ఇతర పనులను కూడ కనిపెట్టవలెను. క్రొత్తది అదే వోల్టేజిని ఇచ్చుచున్నను, మీటరు కోరినంత విద్యుత్ప్రవాహమును ఇవ్వలేకపోవచ్చును. చల్లని గదిలో సరిగా నున్నది వేడి గదిలో తప్పవచ్చును. మూడవ మెట్టు, పాతదియు క్రొత్తదియు ప్రక్క ప్రక్కన నుంచి, ఒకే వస్తువును రెంటితో కొన్నాళ్ళు కొలిచి చూచుట. అందుకే తెలివిగల ప్రయోగశాల పాత పరికరము పూర్తిగా మూలబడకముందే వారసుని వెదకును; మూలబడిన పిమ్మట పోల్చుటకు ఏమియు మిగులదు. నాల్గవ మెట్టు, ఏ పరికరము స్థానమున ఏది వచ్చినది, ఎందుకు వచ్చినది, రెంటి నడుమ తేడా ఎంత అనునది వ్రాసి యుంచి, విధాన గ్రంథమును దిద్దుట.

ఈ మెట్లు ఎట్లు పనిచేయునో తెలుపుటకు వెస్టన్ ఘటము కథ చక్కని నిదర్శనము. పందొమ్మిదవ శతాబ్దమున వోల్టేజికి ప్రమాణముగా క్లార్క్ ఘటమును వాడెడివారు. 15 సెల్సియస్ డిగ్రీలయొద్ద అది సుమారు 1.434 వోల్టు ఇచ్చును. కాని గదిలో వేడిమి మారినచో దాని వోల్టేజి కూడ చాల మారును. 1893లో ఎడ్వర్డు వెస్టన్ అను శాస్త్రజ్ఞుడు పాదరసము, కాడ్మియములతో మరియొక ఘటమును నిర్మించెను. ఇరవై డిగ్రీలయొద్ద అది సుమారు 1.0183 వోల్టు ఇచ్చును. వేడిమికి అంతగా చలింపదు. క్లార్క్ ఘటము మూలబడగా వెస్టన్ ఘటము లోకమందలి ప్రయోగశాలలన్నిటను కుదురుకొనెను. నేడు పాతదనబడునది ఒకనాడు క్రొత్త వారసుడుగా వచ్చినదే.

వెస్టన్ ఘటము మహా సుకుమారము. దానిని ప్రక్కకు వంచరాదు. దానినుండి ప్రవాహమును లాగరాదు. వేడిమి మారని తొట్టిలో నుంచవలెను. పైగా అందలి పాదరసము, కాడ్మియము రెండును విషములు. తరువాత జీనర్ డయోడు అను అర్ధవాహక పరికరముతో చేసిన ప్రమాణములు దాని స్థానమునకు వచ్చెను. వీటిని బ్యాటరీతో నడపుచు ఒక ఊరినుండి మరియొక ఊరికి తీసికొనిపోవచ్చును. జీనర్ ప్రమాణము మామూలుగా ఇచ్చు వోల్టేజి పది. ఐనను పెక్కు జీనర్ ప్రమాణములకు 1.018 వోల్టు ఇచ్చు మరియొక ద్వారమును కూడ అమర్చిరి. ఎందుకు? వెస్టన్ ఘటమునకు అలవాటుపడిన పాత పరికరములు ప్రయోగశాలలలో ఇంకను నిలిచియున్నవి గనుక. క్రొత్తగా వచ్చినది ఇంటివారి అలవాటును గౌరవించిన దన్నమాట.

జీనర్ ప్రమాణము కూడ కాలక్రమమున కొంచెము కొంచెముగా జరుగుచుండును. దానిని సరిచూచునది ఇంకొకటి కలదు. 1962లో బ్రయన్ జోసెఫ్సన్ అను ఇరువదిరెండేండ్ల యువకుడు ఒక క్రొత్త భౌతిక ధర్మమును ఊహించెను. మిక్కిలి చల్లబరచిన రెండు లోహపు పొరల నడుమ సన్నని అడ్డు నుంచి, దానిపై నిర్ణీతమైన సంఖ్యలో కంపించు తరంగములను పంపినచో, ఆ సంఖ్యనుబట్టి కచ్చితమైన వోల్టేజి పుట్టును. సీసాలోని రసాయనముపై ఆధారపడిన వోల్టు ఇట్లు ప్రకృతి నియమముపై ఆధారపడెను. ఈ ఊహకై ఆయనకు 1973లో నోబెల్ బహుమానము లభించెను.

పాదరస ఉష్ణమాపకము కథ మరియొక పాఠమును నేర్పును. పాదరసమువలన కలుగు కీడును అరికట్టుటకు 2013లో మినమాటా ఒడంబడిక జరిగెను. 2017లో అది అమలులోనికి వచ్చెను. దానిని అనుసరించి పాదరసముగల మామూలు ఉష్ణమాపకముల తయారీకి 2020 గడువుగా నిర్ణయింపబడెను. అమెరికా దేశపు జాతీయ ప్రమాణముల సంస్థ అంతకుముందే, 2011 మార్చి 1వ తేదీనుండి, పాదరస ఉష్ణమాపకములను సరిచూచుట మానివేసెను. ఐతే ఆ ఒడంబడికలోనే ఒక మినహాయింపు కలదు. క్రమాంకనమునకును, ప్రమాణముగా వాడుటకును ఉద్దేశింపబడిన వస్తువులకు ఆ నిషేధము వర్తింపదు. తగిన వారసుడు దొరకకముందే పాతదానిని పెరికివేసినచో గొలుసు తెగునని ఒడంబడిక వ్రాసినవారు ఎరుగుదురు.

పాదరసమునకు మేలైన వారసుడు ప్లాటినము తీగ. వేడిమి పెరిగిన కొలది ఆ తీగ విద్యుత్ప్రవాహమునకు ఎక్కువ అడ్డు చెప్పును. సున్న డిగ్రీలయొద్ద నూరు ఓములున్న తీగ నూరు డిగ్రీలయొద్ద సుమారు 138.5 ఓములగును. ఈ నిరోధమును కొలిచి వేడిమిని తెలిసికొందురు. గాజునాళము కంటె ఇది చాల నిశితమైనది. ఐనను నూనెల పరిశ్రమలో ఒక వింత చిక్కు వచ్చును. నూనెను క్రమముగా వేడి చేయుచు, ఏ వేడిమియొద్ద దాని ఆవిరి అంటుకొనునో చూచు పరీక్ష కలదు. గాజులోని పాదరసము వేడెక్కుటకు కొంత వ్యవధి పట్టును. నూనె వేడి ముందు పోవుచుండగా పాదరసము వెనుక నడచును. ఆ పరీక్షలోని అంకెలన్నియు ఈ ఆలస్యముతో కూడినవే. సన్నని ప్లాటినము కడ్డీ తడవు చేయక నిజమైన వేడిమిని చూపినచో, అదే నూనెకు వేరొక అంకె వచ్చును! కావున క్రొత్త పరికరము పాతదానివలెనే మెల్లగా కదలునట్లు దానిని అమర్చవలసివచ్చును. వారసుని ఎన్నుకొనువారు పాతదాని గుణములనే కాక లోపములను కూడ ఎరిగియుండవలెను.

ఒక్కొక్కప్పుడు వారసుడు కొనుటకు దొరకడు, చేసికొనవలసినదే. ఎవరెస్టు కాలమున ఆర్కాటువాసియైన సయ్యద్ మీర్ మొహసిన్ హుస్సేన్ సర్వేశాఖలోని సూక్ష్మయంత్రములను స్వహస్తములతో బాగుచేసి, 1843లో ఆ శాఖ యంత్రకారుడయ్యెను. స్వాతంత్ర్యానంతరము పశ్చిమగోదావరి జిల్లా మోగల్లులో జన్మించిన అయ్యగారి సాంబశివరావు అణుశక్తిశాఖలో ఎలక్ట్రానిక్ పరికరములను దేశముననే తయారు చేయించుటకు పూనుకొనెను. 1967లో హైదరాబాదున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా నెలకొనుటకు ఆయన కృషియే మూలము. పరదేశమున తయారీ ఆగినంతమాత్రమున ఇచ్చట పని ఆగరాదన్న పట్టుదల వీరిది.

కొలతల గొలుసు పైకొనయందే ఇటీవల మార్పు జరిగినది. పారిస్ సమీపమందలి మూలపు కిలోగ్రాము దిమ్మె 1889లో ప్రమాణముగా స్వీకరింపబడెను. సుమారు నూరేండ్లలో దానికిని, దాని ప్రతులకును నడుమ ఏబది మైక్రోగ్రాముల తేడా కనిపించెను. దిమ్మె తగ్గినదో, ప్రతులు పెరిగినవో చెప్పుట అసాధ్యము. ఏలయన, కిలోగ్రాము అనగా ఆ దిమ్మెయే! అందుచేత లోకమందలి శాస్త్రజ్ఞులు ప్లాంక్ స్థిరాంకము అను ప్రకృతి సంఖ్యపై కిలోగ్రామును నిలుప నిశ్చయించిరి. ఐనను తొందరపడలేదు. వేరువేరు పద్ధతులతో, వేరువేరు దేశములలో కొలిచి, క్రొత్త నిర్వచనము పాత దిమ్మెతో సరిపోవునని తేలువరకు ఏండ్ల తరబడి వేచిరి. తుదకు 2018 నవంబరు 16వ తేదీన తీర్మానము జరిగి, 2019 మే 20వ తేదీనుండి అది అమలులోనికి వచ్చెను. ఆనాడు రాంనగరు అంగడిలో చేపల తూకము వెంట్రుకవాసియైన మారలేదు. మార్పు సక్రమముగా జరిగినదనుటకు అంతకంటె గుర్తు లేదు.

మన తాతముత్తాతలు సేరు, తులములతో తూచిరి. 1956నాటి చట్టము ననుసరించి 1958 అక్టోబరు 1వ తేదీనుండి మెట్రిక్ తూనికలు అంచెలంచెలుగా ప్రవేశించెను. ఎనుబది తులముల సేరు 933.10 గ్రాములని నిర్ణయించి, పాతదానిని క్రొత్తదానితో ముడివేసి, కొంతకాలము రెంటిని వాడనిచ్చిరి. పిమ్మటనే సేరు సెలవు తీసికొనెను.

పరికరములు వచ్చును, పోవును. గొలుసు, కడ్డీ, ఘటము, గాజునాళము, ప్లాటినపు దిమ్మె, అన్నియు తమ పని చేసి తప్పుకొన్నవే. వెళ్ళిపోవు పరికరము తన కొలతను వచ్చుదాని చేతికి అప్పగించిపోవలెను. అప్పగింత జరుగునట్లు చూచుట ప్రయోగశాలలోని మనుష్యుల బాధ్యత. వారి పేర్లు అంగడిలో ఎవ్వరును ఎరుగరు. కాని వారి శ్రద్ధ తప్పని దినము లన్నిటను, చేప కొనవచ్చినవాడు ధరకై ఎంత వాదించినను, తూకమునకు మాత్రము తల యూపి ఇంటికి పోవును.